జనం ఇక్కడ, ఓటు అక్కడ
(గల్ఫ్‌లో కన్నుమూసిన తెలుగు కార్మికుల స్మారకోపన్యాసం, రాస్ అల్ ఖైమా)

ఈ గడ్డ మీద ప్రాణం విడిచి, శంషాబాద్ విమానాశ్రయానికి పెట్టెల్లో చేరిన మనవాళ్ళ పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోంది. ఆ పెట్టెల వెనక ఉన్న ఇళ్ళను ప్రభుత్వాలు ఎప్పుడు పట్టించుకున్నాయి, ఎందుకు పట్టించుకున్నాయి అన్న చరిత్రే ఈ రోజు నేను చెప్పబోయేది.

రాస్ అల్ ఖైమాకు భారతదేశంతో బంధం పాతది. పూర్వం జుల్ఫార్ అని పిలిచిన ఈ రేవు నుంచి ముత్యాలు మన తీరానికి వచ్చేవి. 1966 దాకా ఇక్కడి బజారులో చెల్లింది రూపాయే. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా నోట్లు అచ్చు వేసింది. 1972 ఫిబ్రవరిలో ఈ ఎమిరేట్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యలో చేరింది. మరుసటి ఏడాది చమురు ధర ఎగబాకింది. క్వారీలు, సిమెంటు, ఆ తర్వాత సెరామిక్స్, వాటి వెంటే మన జనం.

మనవాళ్ళు ఎందుకు వచ్చారు? ‘కరువు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగమే నిజం. 1978 సెప్టెంబరులో భూస్వాముల పెత్తనం మీద రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కొన్ని వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్ళో ఉంటే ఒకవైపు పోలీసు, మరోవైపు నక్సలైట్ దళం. ‘దుబాయ్ పోతే బిడ్డ బతుకుతాడు’ అని బంగారం కుదువపెట్టి పంపిన తల్లులు ఉన్నారు. ఎండిన బోర్లూ ఆగిన మగ్గాలూ ఆ దారిని ఇంకా వెడల్పు చేశాయి. అటు కడప జిల్లా నుంచీ కోనసీమ నుంచీ ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ దారి పట్టారు. అంటే ఈ వలస పుట్టుకలోనే రాజకీయం ఉంది.

వలస వచ్చిన జనం ఓటుగా మారితే ఏమవుతుందో తెలియడానికి ఇప్పుడు ప్రపంచంలో ఇంకో వలసను చూద్దాం. అమెరికాలో లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు, 1970లో కోటికి లోపే. 2020 జనాభా లెక్కల్లో 6 కోట్ల 21 లక్షలు. అక్కడి గడ్డ మీద పుట్టిన బిడ్డ పౌరుడు. 1975లో ఓటుహక్కు చట్టాన్ని సవరించి స్పానిష్‌లో కూడా బ్యాలెట్ ఇచ్చారు. 1994లో కాలిఫోర్నియాలో పత్రాలు లేని వలసవారికి బడి, ఆసుపత్రి మూసేయాలని ‘ప్రతిపాదన 187’ తెచ్చి, ఓటేసి గెలిపించారు. కోర్టు దాన్ని ఆపింది. కానీ అప్పటిదాకా పౌరసత్వం ఊసెత్తని లాటినోలు బారులు తీరి దరఖాస్తులు పెట్టారు, ఆ రాష్ట్ర రాజకీయమే మారిపోయింది. వాళ్ళంతా ఒకే గుర్తుకు ఓటేస్తారని కాదు. మయామీ క్యూబన్ల దారి వేరు, 2024లో ట్రంప్ వైపు మొగ్గినవారూ చాలామందే. అందుకే రెండు పార్టీలూ వాళ్ళ గడప తొక్కుతాయి. ఇంకో సంగతి గమనించండి. ప్రతినిధుల సభ సీట్ల పంపకానికి అక్కడ పౌరులు కానివారిని కూడా లెక్కిస్తారు. 2020 లెక్కలతో టెక్సాస్‌కు రెండు సీట్లు పెరిగాయి. ఆ రాష్ట్రంలో పెరిగిన జనంలో దాదాపు సగం లాటినోలే.

మన సంగతి? ఈ దేశంలో భారతీయులు 35 లక్షలకు పైనే, స్థానికులకంటే చాలా ఎక్కువ. అయినా నలభైమంది సభ్యుల ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో రాస్ అల్ ఖైమాకున్న ఆరు స్థానాలతో మనకు నిమిత్తం లేదు. అది ఈ దేశపు కట్టుబాటు, పని ఒప్పందం మీద వచ్చినవాళ్ళం, దాన్ని గౌరవిస్తాం. నా బాధ ఇంటి దగ్గరిది. జనాభా లెక్కల రోజుల్లో దేశం బయట ఉన్నవాడిని మన ఊళ్ళో లెక్కపెట్టరు. పల్లెలకు పల్లెలే యువకులను గల్ఫ్‌కు పంపిన జిల్లాలు రేపు నియోజకవర్గాల పునర్విభజనలో ఆ మేరకు చిన్నవిగా కనబడతాయి. ఇక్కడ లెక్కలో ఉండి ఓటు లేనివాళ్ళం, అక్కడ ఓటుండి లెక్కలో లేనివాళ్ళం.

ఆ ఓటు కూడా చేతికి అందేది కాదు. 2010 సవరణతో ప్రవాసులకు ఓటుహక్కు వచ్చింది, కానీ ఊరికి వెళ్ళి బూత్‌లో నిలబడాలి. ఎన్నికల కోసం సెలవిచ్చే కఫీల్ (యజమాని) ఎవరు? టికెట్టు ఖర్చు ఎవరిది? 2019లో నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు లక్షమంది, ఓటేసినవారు 25,606. వారిలో కేరళవాళ్ళు కానివారు వందమంది కూడా లేరు. 2024లో నమోదు 1,19,374కు పెరిగితే ఓటేసినవారు 2,958కి పడిపోయారు. ప్రతినిధి ద్వారా ఓటేసే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటి, ఆ సభతోనే ముగిసిపోయింది. సైనికులకు ఇచ్చినట్టు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ మనకూ ఇవ్వవచ్చని 2020 నవంబరులో ఎన్నికల సంఘమే కేంద్రానికి రాసింది. అది ఇంకా అమలు కాలేదు.

కేరళ 1996లోనే ప్రవాసులకు ప్రత్యేక శాఖ పెట్టింది, ఎందుకంటే అక్కడ ప్రతి పార్టీకీ గల్ఫ్ కుటుంబాల ఓటంటే భయం ఉంది. మన దగ్గర ఆ భయం ఆలస్యంగా పుట్టింది, పుట్టించింది ఇంటి దగ్గర ఉన్న ఆడవాళ్ళు. భర్త శవం కోసం నెలల తరబడి కలెక్టరేట్ మెట్లెక్కిన భార్యలు, ఖల్లివెల్లి అయిన, అంటే యజమానిని వదిలి పత్రాలు లేకుండా తిరుగుతున్న, కొడుకు ఆచూకీ అడిగిన తల్లులు, వాళ్ళతో కలిసి ధర్నాలు చేసిన గల్ఫ్ సంఘాలు. 2023 శాసనసభ ఎన్నికల్లో ఉత్తర తెలంగాణలో ఇది మాట్లాడక తప్పని విషయమైంది. 2024 సెప్టెంబరులో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల సాయం మీద ఉత్తర్వు వచ్చింది, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఎవరి దయతోనో వచ్చినవి కావివి. మన ఇంటి ఆడవాళ్ళ ఓట్లు తెచ్చినవి.

తమ్ముళ్ళారా, పాస్‌పోర్టులో ఉన్న చిరునామాతో ఫారం 6ఏ నింపండి. ఆన్‌లైన్‌లో నింపవచ్చు, రుసుము లేదు. ‘ఎట్లాగూ వెళ్ళలేం కదా’ అని వదిలేయకండి. జాబితాలో పేరు లేనివాడి కోసం ఏ ప్రభుత్వమూ బ్యాలెట్ పంపదు. ఈ వారం సెలవుపూట మీ గదిలో ఉన్నవాళ్ళందరి చేతా ఆ ఫారం నింపించండి.