మన ఊరి యెల్లలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి యుపన్యాసము)



నేను పండితుడను కాను. భూమి లెక్కలు వ్రాసి బ్రతికినవాడను. ఈ గ్రంథాలయపు పుస్తకములే గురువులుగా నాలుగక్షరములు నేర్చినవాడను. నన్ను మాట్లాడ నియోగించినందుకు కృతజ్ఞుడను.

యాప్రాల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును? పాత ఊరివారికే సభ్యత్వ ముండవలెనని కొందరు, కొత్త కాలనీలవారును మనవారేయని కొందరు వాదించుచున్నారు. కావున నిది వట్టి ముచ్చట కాదు.

ప్రభుత్వపు గీతలు దీనిని తేల్చజాలవు. మన యిండ్లు కదలకయే 1978లో రంగారెడ్డి జిల్లాలోనికిని, 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనికిని వచ్చినవి. పొలమునకు సర్వే నంబరు, నక్ష, హద్దురాళ్ళు గలవు. 121 చదరపు గజములు గుంట, 40 గుంటలు ఎకరము. ఇండ్లున్న ఆబాదీకి ఈ లెక్క కుదురదు. అచట తూర్పున ఫలానావారి గోడ, పడమట బాట యను చతుస్సీమలే ప్రమాణము. అనగా ఇరుగుపొరుగువారి మాటయే.

పెద్దలీ సంగతి నెరుగుదురు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున సీమావివాదము గలదు. మఱ్ఱి, రావి, మోదుగు, బూరుగు పైకి కనబడు గురుతులు. బొగ్గు, పెంకులు, ఇటుకలు, ఊక భూమిలో దాచిన గురుతులు. తగిన సాక్షులు దొరకనిచో పసులకాపరులను, వేటకాండ్రను, జాలరులను అడుగుమని యందు చెప్పబడినది. ఇట్టి వ్యవహారధర్మములనే మితాక్షర ననుసరించి కేతన 13వ శతాబ్దిలో తెనిగించెను.

నా తప్పొకటి విన్నవించెదను. పడుచుతనమున నొక హద్దు తగాదాలో రాతిని నమ్మి పటము గీచితిని. గొఱ్ఱెలు కాచు వృద్ధుడొకడు, "పంతులూ! ఆ రాయి నడిచొచ్చింది. అసలు జాగ యాపచెట్టు కాడ" అనెను. చదువురానివాని మాటయని త్రోసివేసితిని. మరుయేడు పునాది త్రవ్వగా నా చెట్టుకడనే పాత రాతి మొదలు బయటపడినది. పటము దిద్దుటకు రెండేండ్లు పట్టినది. అంతవరకు నొక పేదరాలు తన రెండు గుంటలకు దూరమైనది. క్షమాపణ చెప్పుకొనుటకు వెళ్ళితిని. అప్పటికా కాపరి లేడు.

కావున నా మనవి యిది. తెలంగాణపు పల్లెకు బొడ్రాయి నాభి. అందుండి మొదలిడి, వృద్ధులను వెంటనిడుకొని పాతవాడ చుట్టును నడువుడు. ఏ చెట్టు, ఏ బావి, ఏ బాట యెల్లయో వారు చెప్పినట్లే వ్రాసికొనుడు. ఇరువురి మాట కలియనిచో రెండును వ్రాయుడు. ఆ పుస్తకము నీ గ్రంథాలయమున నుంచుడు. వచ్చు వేసవికని వాయిదా వేయకుడు. సాక్షులు మనకొఱకు ఆగరు.

ఆ యెల్ల చరిత్రకొఱకు, సభ్యత్వమునకు గాదు. కంచె పొలమునకు వేయుదుముగాని బావికి వేయము. చదువగోరి యీ గడప త్రొక్కినవారిని ఏ కాలనీవారని యడుగక చందా వ్రాసికొందము.