త్రాగుడు దాచిపెట్టు జబ్బు



త్రాగుడు వలన కలుగు నష్టములను గురించి మీకు క్రొత్తగ చెప్పుటకు మేము రాలేదు. కూలిడబ్బు ఏమగుచున్నదో, ఏ యింట పొయ్యి వెలుగుట లేదో మాకంటె మీకే బాగుగ తెలియును. నేడు మేము చెప్పదలచినది పురుషులు నలుగురిలో నోరు విప్పి చెప్పుకొనని ఒక జబ్బును గురించి. అది ప్రోస్టేటు గ్రంథికి వచ్చు కేన్సరు. కేన్సరును మన పెద్దలు రాచపుండు అనెడివారు.

మొదట మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కొంతకాలము క్రిందట కోదాడ చేరువనున్న ఒక గ్రామములో ప్రసంగించుచు, త్రాగువారికి ఈ కేన్సరు వచ్చితీరునని మేము గట్టిగ చెప్పితిమి. సభ ముగిసిన పిదప డెబ్బదియేండ్ల వృద్ధుడొకడు మా యొద్దకు వచ్చి, "నేను పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టలె సారూ. మరి నాకెట్ల వచ్చింది?" అని అడిగెను. మాకు నోట మాట రాలేదు. భయపెట్టి మాన్పింపవచ్చునని మేము తలచితిమి. కాని చేయని తప్పును ఆ పెద్దమనిషికి అంటగట్టినట్లయ్యెను. నాటినుండి తెలిసినంతయే చెప్పుచున్నాము.

తెలిసినది ఇది. మద్యము కేన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, తరువాత పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము ఆ పట్టికలో చేరినవి. ప్రోస్టేటు అందులో లేదు. మిక్కిలిగ త్రాగువారిలో ఈ కేన్సరు కొంచెము హెచ్చుగ నున్నదని కొన్ని పరిశోధనలు చూపినవి. మరికొన్నింటిలో సంబంధము కానరాలేదు. వయస్సు మీరుట, తండ్రికో అన్నదమ్ములకో ఇదే జబ్బు వచ్చియుండుట, ఇవి మాత్రము నిశ్చయముగ తెలిసిన కారణములు.

అట్లయిన త్రాగుడు ప్రసక్తి యేలయని మీరు అడుగవచ్చును. త్రాగుడు ఈ జబ్బును తెచ్చునో లేదో గాని, దాచిపెట్టుట మాత్రము నిజము.

ప్రోస్టేటు అనునది మూత్రాశయమునకు దిగువను ఉసిరికాయంత యుండు గ్రంథి. మూత్రనాళము దాని నడుమనుండి పోవును. ఏబదియేండ్లు దాటిన పిదప అనేకులకు ఈ గ్రంథి పెరుగును. ఆ పెరుగుదల చాలవరకు కేన్సరు కాదు. కాని పెరిగినపుడు ధార సన్నగిల్లును, రాత్రి నాలుగైదుమార్లు లేవవలసివచ్చును. కేన్సరు మొదట ఏ బాధయు లేకయే యుండవచ్చును. ముదిరినపుడు ఇవే లక్షణములు చూపవచ్చును. రెండింటికిని తేడా పరీక్షించిననే గాని తెలియదు.

త్రాగుడు అలవాటున్న మనిషి రాత్రి పలుమార్లు లేచినచో ఏమనుకొనును? "నిన్న ఎక్కువ తాగిన" అనుకొనును. భార్యయు అట్లే అనుకొనును. కల్లు చలువ చేయునని, బీరు త్రాగిన మూత్రము సాఫీగ వచ్చునని చెప్పువారు ప్రతి ఊరను గలరు. నీటిని నిలుపుమని మెదడు మూత్రపిండములకు పంపు ఆజ్ఞను మద్యము అణచివేయును. అందుచే మూత్రము ఎక్కువగ తయారగును గాని దారి వెడల్పు కాదు. సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు మీకు వేరుగ చెప్పనేల? తూము పూడియుండగ నీరు హెచ్చుగ వదలిన గట్టుకే ముప్పు. గ్రంథి పెరిగినవాడు అతిగ త్రాగిన రాత్రి మూత్రము పూర్తిగ బంధించి, కడుపుబ్బి, ఆసుపత్రిలో గొట్టము వేయించుకొనవలసి రావచ్చును.

మరియొక మరుగు నడుమునొప్పి. ప్రోస్టేటు కేన్సరు ముదిరినపుడు వెన్నెముకకు, తుంటి ఎముకలకు ప్రాకును. మిర్యాలగూడ రైసుమిల్లులలో బస్తాలు మోయు హమాలీకి, సూర్యాపేట రహదారిపై లారీ నడుపువానికి నడుమునొప్పి వింత కాదు. పైగ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారిని చూచి చూచి, ఎముకనొప్పి యనగనే నీటిపై నెట్టుట మనకు వాడుకైనది. నొప్పి మరచుటకు మరికొంత త్రాగుదురు. నెలలు గడచును. నడుమునొప్పితో కాళ్లు పట్టుతప్పినను, మూత్రము నిలిచిపోయినను అది ఆ దినమే ఆసుపత్రికి తీసుకొనిపోవలసిన స్థితి.

ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వము పల్లెలలో జరుపు కేన్సరు పరీక్షలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము గలవు, ప్రోస్టేటు లేదు. కావున ఇంటికి వచ్చు ఆశా కార్యకర్త ఈ సంగతి అడుగకపోవచ్చును. అడిగినను, ఆడమనిషితో ఈ మాట చెప్పుకొనుటకు మన పురుషులు సిగ్గుపడుదురు. ఇచ్చట మీ పని యున్నది. రచ్చబండ వద్ద అందరి నడుమ "నువ్వు త్రాగుదువా?" అని అడిగిన ఎవ్వడును నిజము చెప్పడు. ఏబదియేండ్లు దాటినవానిని ప్రక్కకు పిలిచి, రాత్రి ఎన్నిమార్లు లేచుచున్నావు, ధార ఎట్లున్నది, నెత్తురు కనిపించినదా, నడుమునొప్పి ఎన్నాళ్లది అని అడుగుడు. మీ వయస్సువాడు అడిగిన చెప్పును.

మిర్యాలగూడ ప్రాంతమువారు అచ్చటి ఏరియా ఆసుపత్రిలో మొదట చూపించుకొనవచ్చును. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రియు గలవు. వైద్యుడు వ్రేలితో పరీక్షించును, పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష వ్రాయును. ఈ పరీక్షలో అంకె హెచ్చుగ వచ్చినంత మాత్రమున కేన్సరని గుండె చెదరవలదు. మామూలు పెరుగుదలకును, చీము పట్టినను హెచ్చును. అనుమానమున్నచో ముక్క తీసి పరీక్షింతురు. పెద్ద చికిత్సకు హైదరాబాదులో 1955లో వెలసిన ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి గలదు. ఆరోగ్యశ్రీ క్రింద కేన్సరు చికిత్స లభించును.

ఎంత త్రాగుచున్నది వైద్యునికి దాచక చెప్పవలెను. కొన్ని మందులు కాలేయమునకు భారము. చెడిన కాలేయము వాటిని ఓర్వలేదు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగువాడు ఒక్కసారిగ మానినచో వణుకు, మూర్ఛ రావచ్చును. కావున మానదలచినవాడు ఆ మాటయు అక్కడనే అడిగి, వైద్యుడు చెప్పిన రీతిగ మానవలెను.