దారం కొస ఎక్కడ దాచాలి?



పోయిన మాఘమాసంలో మా తుళ్లూరులో పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురు మా ఆడపడుచు మనుమరాలు. రవిక చేతులకు మగ్గం పని చేయించారు, ఖర్చు బాగానే పెట్టారు. తలంబ్రాల వేళకు గాజు అంచుకు దారం తగులుకుంది. పిల్ల చెయ్యి లాక్కుంది. అంతే! మోచేతి దగ్గరి జరీ గొలుసు సర్రున ఊడి జానెడు వేలాడింది. పీటల మీద పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిన్నీసు పెట్టి ఎలాగో గట్టెక్కించాను.

మర్నాడు లైనింగు విప్పి చూశాను. కుట్టు మంచిదే, కొస కట్టలేదు. గొలుసుకుట్టులో ప్రతి ఉచ్చునూ దాని తరువాతి ఉచ్చు పట్టుకుంటుంది. ఆఖరిదాన్ని పట్టుకునే దిక్కు లేదు. ఉచ్చు అవతలి పక్క సూది దింపి, చిన్న అడ్డకుట్టుతో మనమే దాన్ని బట్టకు అంటించాలి. అది మరిస్తే ఎరువుల బస్తా మూతి దారం లాగినట్టే. అదీ గొలుసుకుట్టే మరి.

"ముడి వేస్తే పోలా?" అంటారు. మిరపకాయల టిక్కీకి పురికొస ముడి బాగానే ఉంటుంది. పల్చని వాయిల్ మీద ముడి వేస్తే ఇస్త్రీ చేయగానే పైకి బొడిపెలా కనబడుతుంది. నేత వదులైతే ముడి బట్టలోంచి జారి పైకే వచ్చేస్తుంది.

ఆరు పోగుల లచ్చీలోంచి రెండు పోగులతో కుట్టాలనుకోండి. రెండు తీయవద్దు. ఒకే పోగు రెండు మూరలు తీసి మడిచి, రెండు కొసలూ సూది బెజ్జంలో దూర్చండి. మడత అవతల ఉచ్చులా ఉంటుంది. అడుగునుంచి సూది పైకి తీసి, పక్కనే కిందికి దింపి, ఆ ఉచ్చులోంచి పోనిచ్చి లాగండి. దానంతట అదే బిగుస్తుంది. మడిచాక మూరెడే ఉండాలి సుమా, పొడవు దారానికి నూగు లేచి చిక్కుపడుతుంది.

ముగించేటప్పుడు వెనకవైపు నాలుగైదు కుట్ల కిందుగా సూది పోనిచ్చి, ఒక కుట్టు మీదుగా తిప్పి, మళ్ళీ వెనక్కి తేవాలి. ఆ ఒక్క తిప్పు లేకపోతే రేయాన్ దారం ఉతుకులో జారిపోతుంది. పూసలకైతే నాలుగైదింటికి ఒకసారి వెనక్కి కుట్టు వేయండి, ఒకచోట తెగినా వరుసంతా రాలదు.

ఇక ఫ్రెంచి ముడి. "నాకది అడుగుకు జారిపోతుందండీ" అని చాలామంది అంటారు. సూది పైకి వచ్చిన బెజ్జంలోనే మళ్ళీ దించడమే తప్పు. ఒక నూలుపోగు పక్కన దించండి, ఎడమచేత్తో దారం బిగువుగా పట్టుకోండి.

అన్నట్టు, నా చిన్నతనంలో మిరప కోతలకు వచ్చిన లంబాడీ పెద్దమ్మ ఒకామె అద్దం కుట్టడం చూపించింది. అద్దానికి బెజ్జం ఉండదు కదా! ముందు నిలువు, అడ్డం దారాలతో చట్రం కట్టింది. ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ వచ్చింది. ముడి ఎక్కడే అమ్మా అంటే నవ్వింది. కొస ఆ చుట్టుకుట్టు కిందే దాగింది.

మా పిల్ల రవికకు పధ్నాలుగు కొసలు కట్టాను. మీరు మాత్రం మగ్గం పని ఇచ్చినచోట లైనింగు వేయకముందే వెళ్ళి, గుడ్డ తిరగేసి, ఒక్కొక్క గొలుసు చివర గోటితో మెల్లగా గీరి చూడండి. ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.