తక్కువ ఖర్చులో స్కాట్లాండ్



నాకిచ్చిన అంశం తక్కువ ఖర్చుతో విహారయాత్రలు. మా ఇంట్లో నన్ను బడ్జెట్ పద్మనాభం అంటారు కాబట్టి నిర్వాహకులు సరైన మనిషినే పట్టుకున్నారు. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, ఉపన్యాసకుణ్ణి కాను. పెద్దలు మన్నించాలి.

ముందొక చిన్న లెక్క. యూకే మొత్తం వైశాల్యం దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు. విడిపోక ముందు మన ఆంధ్రప్రదేశ్ 2,75,000. అంటే మనం దాటి వచ్చిన రాష్ట్రం కన్నా ఈ దేశమే చిన్నది. అయినా మనలో చాలామందికి యూకే అంటే ఆఫీసు, ఇండియన్ స్టోర్సు, టివిడేల్ బాలాజీ గుడి. నాలుగు రోజులు సెలవు దొరికితే స్విట్జర్లాండ్. ఇంటికి ఉత్తరాన కొండలు, సరస్సులు, దీవులతో అంత పెద్ద స్కాట్లాండ్ ఉందన్న సంగతి గుర్తే రాదు.

నాకు గుర్తు చేసింది మా నాన్న. 2016లో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. మేముండేది మాంచెస్టర్ దగ్గర. తెనాలి వైపు ఎకరం సొంతం, మిగతాదంతా కౌలుకు చేసిన మనిషి, నాలుగు నెలలు మా హాల్లో సోఫా మీద కూర్చుని కిటికీలోంచి వాన చూశాడు. ఎక్కడికైనా వెళదామంటే ప్రతి పౌండునీ వందతో హెచ్చవేసేవాడు. "కాఫీకి మూడొందలా? మీ డబ్బు తగలెయ్యకండిరా" అనేవాడు. కాబట్టి చౌకగా వెళ్ళడం నా పిసినారితనం ఒక్కటే కాదు. ఖర్చు తగ్గితే తప్ప ఆయన గడప దాటడు. తిరుగు ప్రయాణానికి ఇంకా ఆరు వారాలే ఉంది.

టికెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇక్కడున్న సగం మంది నాకన్నా బాగా చేయగలరు. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు ఒక్కటి తీసుకుంటే నలుగురు పెద్దలకు, నలుగురు పిల్లలకు పనికొస్తుంది. పెద్దల టికెట్లో మూడో వంతు, పిల్లలకు అరవై శాతం తగ్గుతుంది. కనీసం ఒక పిల్లవాడైనా వెంట ఉండాలి. మేమిద్దరం, అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, ఒకటే కార్డు. పైగా మాంచెస్టర్ నుంచి గ్లాస్గోకు ఒకే టికెట్టు కొనాలని ఏమీ లేదు. ప్రెస్టన్ దాకా ఒకటి, కార్లైల్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఒకటి కొనుక్కోవచ్చు. రైలు ఆయా స్టేషన్లలో ఆగితే చాలు, మనం సీట్లోంచి లేవక్కర్లేదు. ఒక్కోసారి మూడు టికెట్లు కలిపినా ఒక్కదానికన్నా తక్కువ పడతాయి. ఈ లాజిక్ రాసినవాణ్ణి ఒకసారి కలవాలని ఉంది.

గ్లాస్గో నుంచి మాలెయిగ్ వెళ్ళే రైల్లో అయిదు గంటల పైచిలుకు ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. హ్యారీ పోటర్ సినిమాల్లో చూసిన గ్లెన్‌ఫినన్ వంతెన, ఇరవై ఒక్క ఆర్చీలది, ఈ దారిలోనే వస్తుంది. దాని మీద ఆవిరి బండి ఎక్కాలంటే బోలెడు డబ్బు. మామూలు రైలూ అదే వంతెన మీద వెళుతుంది!

అంతకు ముందు రానొక్ మూర్ వస్తుంది. కనుచూపు మేర తడి నేల, నీటి గుంటలు, ఒక్క ఇల్లు లేదు. నాన్న కిటికీకి ముక్కు ఆనించి, "ఏరా, ఇంత నీరు పెట్టుకుని వరెందుకు వెయ్యరు?" అన్నాడు. అది మన్ను కాదు, కుళ్ళిన నాచు మొక్కలు వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్ అని, 1894లో మొదలైన ఈ లైను వేసేటప్పుడు పట్టాలు దిగబడకుండా కింద కట్టెలమోపులు పరిచారని చెప్పాను. "మా చేలో బండి దిగబడితే మేమూ అదే చేసేవాళ్ళం" అన్నాడు.

మాలెయిగ్ నుంచి స్కై దీవికి పడవ. కారు లేకుండా ఎక్కితే కొద్ది పౌండ్లే. రాత్రికి యూత్ హాస్టల్. పేరు చూసి భయపడకండి, వయసుతో పని లేదు, కుటుంబాలకు విడి గదులుంటాయి, వంటగది ఉంటుంది. పోపు మాత్రం ఇంటి దగ్గరే పెట్టి డబ్బాలో తీసుకెళ్ళండి, పొగ అలారాలకు మన ఆవాలు, ఎండుమిరపకాయలు కొత్త. ఇంగ్లండులో 1930లో, స్కాట్లాండులో 1931లో ఈ హాస్టళ్ళ సంఘాలు పుట్టింది డబ్బు లేనివాళ్ళు కూడా పల్లెల్లో, కొండల్లో తిరగాలనే. అదీ ఊరికే రాలేదు. మా ఇంటికి దగ్గర్లోనే కిండర్ స్కౌట్ కొండ ఉంది. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది కార్మికులు ప్రభువుల వేట భూమి అని తెలిసే దాని మీదికి నడిచారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కు ఇరవై ఏళ్ళు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. మన చేనేతను దెబ్బకొట్టిన మాంచెస్టర్ చుట్టుపక్కల వాళ్ళే, ఆదివారం పూట నడవడానికి ఇంత నేల లేక అలా చేశారు. స్కాట్లాండులో 2003 చట్టం వచ్చాక, పంటకూ పశువులకూ ఇళ్ళకూ ఇబ్బంది కలిగించనంత వరకు దాదాపు ఎవరి భూమిలోనైనా నడవవచ్చు. టికెట్టు లేదు.

స్కైలో కొండవాలున నడుస్తుంటే కూలిన రాతి గోడలు కనిపించాయి. నాన్న ఆగి, "ఇక్కడ ఊరుండేది" అన్నాడు. నిజమే. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో గొర్రెలు లాభమని భూస్వాములు రైతుల్ని వేల సంఖ్యలో ఖాళీ చేయించారు. మనం ఫొటోలు తీసుకునే ఈ నిర్మానుష్య సౌందర్యంలో చాలా భాగం అలా తయారైనదే. 1882లో పోర్ట్రీ దగ్గర బ్రేస్‌లో కౌలుదార్లు మేత భూమి కోసం అద్దె కట్టం పొమ్మన్నారు. గ్లాస్గో నుంచి యాభై మంది దాకా పోలీసులు వస్తే ఆడవాళ్ళు రాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. 1886లో చట్టం వచ్చింది. వెళ్ళగొట్టకుండా రక్షణ, న్యాయమైన కౌలు, పిల్లలకు వారసత్వం. ఇదంతా చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కౌలు కాగితం చేతికిచ్చారన్నమాట" అన్నాడు. ఆయనకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం హాస్టల్లో పప్పుచారు అన్నం తిని, ఆయనే కాఫీ తాగుదామన్నాడు. ధర అడగలేదు.

వెళ్ళేవాళ్ళు మే నెలలో వెళ్ళండి. జూన్ నుంచి మిడ్జ్ అనే, దోమకన్నా చిన్న పురుగులు పీక్కుతింటాయి. చౌక టికెట్లు సాధారణంగా పన్నెండు వారాల ముందు అమ్మకానికి వస్తాయి. అంటే ఫిబ్రవరిలో కంప్యూటరు ముందు కూర్చోవాలి. అది మనకు కొత్తేమీ కాదు.