నీటిబొట్టును ఉపేక్షించరాదు

 

మీలో పలువురు బిడ్డల ఇళ్ళలో కొన్ని మాసాలు గడపడానికి ఇంగ్లండు వంటి శీతలదేశాలకు వెళ్ళివస్తూంటారు. అక్కడ గదిగదికీ గోడ నానుకొని ఒక ఉక్కుపలక ఉంటుంది. దానినే రేడియేటర్ అంటారు. బాయిలరులో కాగిన నీరు గొట్టాల ద్వారా దానిలో ప్రవేశించి, గదికి వెచ్చదనమిచ్చి, తిరిగి బాయిలరుకే చేరుతుంది. ఆ దేశంలో చిరకాలం నివసించినవాడిని కనుక, స్నానాలగదిలోని రేడియేటర్ వాల్వు వద్ద ఊరే చిన్న నీటిబొట్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

'ఒక్క బొట్టే కదా' అనుకోవడం సహజం. కాని అక్కడి ఇళ్ళలో నేల తరచుగా చెక్కపలకలతో నిర్మితమై ఉంటుంది. చెమ్మ ఇంకితే చెక్క కుళ్ళుతుంది. కింది గది పైకప్పుపై మరకలు పడతాయి. అంతకు మించిన కీడు మరొకటి ఉన్నది. గొట్టాలలోని నీటి ఒత్తిడి, చల్లగా ఉన్నపుడు, సాధారణంగా 1 నుండి 1.5 బార్ వరకు ఉండాలి. బొట్టుబొట్టుగా నీరు పోతే ఒత్తిడి పడిపోతుంది. మాటిమాటికి కొత్త నీరు నింపవలసి వస్తుంది. కొత్త నీటితోపాటు ప్రాణవాయువూ లోపలికి చేరి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పు నల్లని బురదగా మారి గొట్టాలకు అడ్డుపడుతుంది. వెలుపలి బొట్టు లోపలి క్షయానికి ఈ విధంగా కారణమవుతుంది.

మా తల్లిగారు 80 ఏళ్ళ వయస్సులో మా ఇంట శీతకాలం గడిపారు. తెల్లవారుజామున 4 గంటలకే స్నానానికి లేచే అలవాటు వారిది. ఒకనాటి రాత్రి ఆ గది నేలపై తడిని చూచినపుడు నా గుండె ఝల్లుమన్నది. పనివాడు రావడానికి వారం పడుతుందన్నారు. అంతవరకు వేచి ఉండటం నాకు ఉచితమనిపించలేదు.

మొదట బాయిలరును ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లబడనిచ్చాను. వాల్వును పొడిబట్టతో తుడిచి, ఒక్కొక్క అతుకు వద్ద కాగితపు రుమాలు ఆనించి చూశాను. ఇది ముఖ్యం. కింద కనిపించే నీరు పైనుండి జారినదై ఉండవచ్చు. గొట్టం వాల్వులో చేరే చోట, వాల్వు రేడియేటరును కలిసే చోట, పిడి కింది కాడ వద్ద, ఈ మూడింటిలో ఎక్కడ కాగితం ముందుగా తడుస్తుందో అక్కడే లోపం. మా ఇంట అది కాడ వద్ద ఉన్నది. పిడిని తొలగించి, ఒక స్పానరుతో వాల్వును కదలకుండా పట్టుకొని, మరొక స్పానరుతో కాడ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్టును చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే బిగించాను. బొట్టు ఆగింది. బలం చూపి బిగిస్తే కాడ పట్టేస్తుంది, మర చెడుతుంది.

అప్పటికీ ఆగకపోతే, చేతితో తిప్పే వాల్వు అయినచో, రెండు చివరల వాల్వులను మూయాలి. రెండవదానిని ఎన్ని చుట్లు తిప్పినదీ రాసిపెట్టుకొని, తరువాత అన్నే చుట్లు తెరవాలి. కింద గిన్నె పెట్టి, గాలి మరను కొద్దిగా విప్పి ఒత్తిడి తగ్గించిన పిదప, నట్టును విప్పి, కాడకు టెఫ్లాన్ టేపును చుట్టి లోనికి నొక్కి బిగించాలి. మన పల్లెలలో పంపుసెట్టు ఇరుసు చుట్టూ నూనె పట్టించిన తాడును కూరి బిగించే పద్ధతి కూడ ఇదే సూత్రం.

వేడిని బట్టి తానే మూసుకొనే వాల్వు అయితే నిపుణునికే విడిచిపెట్టండి. అద్దె ఇల్లయితే ముందుగా యజమానికి తెలియజేయండి. గ్యాసుతో నడిచే బాయిలరు మూతను మాత్రం ఎవరూ విప్పరాదు. బ్రిటన్‌లో ఆ పనికి గ్యాస్ సేఫ్ జాబితాలో నమోదైన వారే అర్హులు.

మరమ్మతు ముగిసినంతనే పని ముగిసినట్లు కాదు. బాయిలరును వెలిగించి, రేడియేటర్ వేడెక్కిన తరువాత ఒకసారి, మరునాటి ఉదయం ఇంకొకసారి పొడి కాగితంతో పరీక్షించండి. కాగితం పొడిగా ఉంటే, ఆ ఇంటి పెద్దలు నిర్భయంగా ఆ గదిలో అడుగుపెట్టవచ్చు.