బడి రిజిస్టర్‌లో మీ బిడ్డ వరుస

(బిడ్డలను తొలిసారి బడిలో చేర్పించబోతున్న తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ రెండవ వారంలో బడులు తెరుస్తారు. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఇండ్ల నుండి ఒక చిన్న బిడ్డ తొలిసారిగా ఒకటవ తరగతిలో అడుగు పెట్టనున్నది. సంచి, పలక, బట్టలు, బూట్ల సంగతి మీరు ఇప్పటికే ఆలోచించి ఉంటారు. నేను నేడు ప్రధానోపాధ్యాయుల బల్లమీద తెరచి ఉండే ఒక పెద్ద పుస్తకం గురించి మాట్లాడదలిచాను. దానిని అడ్మిషన్ రిజిస్టర్ అంటారు. అందులో మీ బిడ్డకు ఒక వరుస ఉంటుంది. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మతం, కులం, మాతృభాష ఆ వరుసలో వ్రాస్తారు. వ్రాయడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ వ్రాత మాత్రం బిడ్డ జీవితకాలమంతా వెంట నడుస్తుంది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడిని కనుక ఒక విషయం అనుభవంతో చెప్పగలను. కాగితం కాగితాన్ని చూసి పుడుతుంది. బడి రిజిస్టర్‌ను చూసి టి.సి. వ్రాస్తారు. ఆ వివరాలే పదవ తరగతి సర్టిఫికెట్‌కు చేరుతాయి. దానిని చూసి కళాశాల ప్రవేశం, పాస్‌పోర్టు, ఉద్యోగంలో సర్వీసు రిజిస్టర్ తయారవుతాయి. ఉద్యోగంలో ఒకసారి నమోదైన పుట్టిన తేదీని వ్రాతలో దొర్లిన పొరపాటుకు తప్ప మరే కారణానికీ మార్చరాదని 1984 నాటి రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఆరేండ్ల వయసులో వ్రాసిన ఒక అంకె పదవీ విరమణ రోజును నిర్ణయిస్తుందన్నమాట.

మొదట పేరు సంగతి చూద్దాం. మన పేర్లలో ఉన్న చిక్కు మీకు తెలియనిది కాదు. మొహమ్మద్ అనే మాటను ఒకరు పూర్తిగా వ్రాస్తారు, మరొకరు ఎం.డి. అని పొట్టిగా వ్రాస్తారు. షేక్ అనేది ఒక కాగితంలో ముందు ఉంటుంది, ఇంకొక కాగితంలో వెనుక ఉంటుంది, మూడవ దానిలో ఎస్.కె. అవుతుంది. ఆడబిడ్డ పేరు చివర జనన పత్రంలో బీ అని, ఆధార్‌లో బేగం అని, బడిలో బాను అని ఉంటుంది. ఇంట్లో పిలిచే ముద్దు పేరునే బడిలో చెప్పివచ్చేవారూ ఉన్నారు. మనకు అది ఒకే బిడ్డ. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. అందుకని బడికి బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని ఒక తెల్ల కాగితం మీద బిడ్డ పూర్తి పేరు తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసుకొనండి. ఇంగ్లీషు అక్షరాలు జనన పత్రంలో ఎలా ఉన్నవో అలాగే ఉండాలి. తల్లి పేరు, తండ్రి పేరు వారి వారి ఆధార్‌లలో ఉన్నట్లే వ్రాయండి. ఆ కాగితాన్ని ఉపాధ్యాయుల చేతికివ్వండి. నోటితో చెప్పిన పేరు విన్నవారి చెవిని బట్టి మారుతుంది.

రెండవది పుట్టిన తేదీ. తేదీ తెలియదంటే జూన్ ఒకటో, జూలై ఒకటో వేసి సరిపెట్టడం మన ప్రాంతంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒక ఏడాది ముందుగా చేర్పించాలని వయసు పెంచి చెప్పేవారూ ఉన్నారు. రెండూ బిడ్డకు నష్టమే. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం పుట్టిన 21 రోజులలోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో చేస్తారు. ఏడాది వరకు అధికారి వ్రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ హోదా గల రెవెన్యూ అధికారి ఉత్తర్వు తీసుకొనవలసి ఉంటుంది. కష్టమే కాని అసాధ్యం కాదు. జనన పత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటే ఏడాదిలోపు ఉచితంగాను, ఆ తరువాత 15 ఏండ్ల వరకు రుసుము చెల్లించి పేరు చేర్పించుకొనవచ్చు. అంగన్‌వాడీ వయసు పిల్లలున్న తల్లులు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశంలో పుట్టిన తేదీకి, స్థలానికి జనన పత్రమే ఆధారమని చట్టాన్ని సవరించారు.

మూడవది కులం గడి. ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. మతం గడిలో ఇస్లాం అని వ్రాసి, కులం గడిలో మళ్ళీ ముస్లిం అని వ్రాసి వదిలేస్తారు. పదేండ్ల తరువాత కళాశాల ప్రవేశానికి బి.సి.-ఇ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళితే, బడి రికార్డులో ఆధారమేదని అడుగుతారు. 2007 చట్టం కింద విద్యలో, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ పొందుతున్నవి అందులో పేర్కొన్న వర్గాలు మాత్రమే. షేక్, ఖురేషీ, ఫకీరు, అత్తరు సాయెబులు, ధోబీ ముస్లిం, హజాం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ వారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బి.సి.-ఇ లో లేవు. ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి ఉన్నవారు 2019లో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు అర్హులు కావచ్చు. మీరు ఏ వర్గమో ఉన్నది ఉన్నట్లు వ్రాయించండి. చిన్నతనమనుకొని దూదేకుల అనే మాటను దాచవద్దు. లేని వర్గాన్ని చెప్పుకొని తరువాత చిక్కుల్లో పడవద్దు.

వరుస పూర్తయిన తరువాత సంతకం చేయడానికి తొందరపడకండి. ఒకసారి చదివి వినిపించమని అడగండి. చదువు రాని తల్లి కూడా అడగవచ్చు. అది ఆమె హక్కు. ఆ నమోదుకు నకలు వ్రాసుకొని ఇంట్లో భద్రపరచండి. తప్పు కనబడితే ఆ వారంలోనే ఆధారంతో వెళ్ళి సరిచేయించండి. పదవ తరగతి దాటాక అదే పనికి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఇంతవరకు కాగితాల ప్రాముఖ్యం చెప్పాను. ఇప్పుడు దీని రెండవ వైపు చూడండి. కాగితం లేదని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టవద్దు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. జనన పత్రం లేకుంటే ఆసుపత్రి లేదా ఏ.ఎన్.ఎం. రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకుంటే తల్లిదండ్రుల ప్రకటన సరిపోతాయి. ముందు బిడ్డను చేర్పించండి, వెంటనే జనన పత్రం పని మొదలుపెట్టండి. బడులు తెరచి నెలలు గడిచినా చేర్చుకోవలసిందేనని 15వ సెక్షన్ అంటున్నది. ఆధార్ విషయంలోనూ భయం వద్దు. బడి ప్రవేశానికి ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో చెప్పింది. ఉన్నవారు మాత్రం బిడ్డకు ఐదేండ్లు నిండగానే వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించండి. ఐదు నుండి ఏడేండ్ల మధ్య ఇది ఉచితం.

బతుకుతెరువు కోసం ఊళ్ళు మారే కుటుంబాలు మనలో ఎక్కువ. బేకరీ పనికని, పండ్ల వ్యాపారానికని, పరుపులు కుట్టడానికని ఏడాదిలో రెండు ఊళ్ళు మారుతారు. అటువంటివారి కోసం చట్టంలో 5వ సెక్షన్ ఉన్నది. అడిగిన వెంటనే బడి టి.సి. ఇవ్వాలి. టి.సి. రావడం ఆలస్యమైందని కొత్త బడి ప్రవేశాన్ని ఆపరాదు. కొంతకాలం చదువు మానిన బిడ్డను కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతున్నది.

ప్రైవేటు బడులకు వెళ్ళేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. చేరే బిడ్డకు గాని, తల్లిదండ్రులకు గాని పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడం నేరం. మొదటిసారికి 25,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. డొనేషన్ వసూలు చేయడం కూడా నిషేధమే. పేద, వెనుకబడిన పిల్లలకు ఒకటవ తరగతిలో 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి దరఖాస్తులు పిలుస్తున్నారు కాబట్టి ప్రకటన కోసం సచివాలయంలోను, మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలోను కనుక్కోండి. అయితే మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి మనవారు నడిపే మైనారిటీ హోదా గల బడిలో ఈ సీటు అడిగి ప్రయోజనం లేదు.

ప్రభుత్వ బడిలో చేరిన బిడ్డకు పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు, మధ్యాహ్న భోజనం ఉచితం. తల్లి పేరిట వచ్చే ఆర్థిక సహాయానికి ఆమె బ్యాంకు ఖాతా ఆధార్‌తో జతపడి ఉండాలి. బ్యాంకుకు వెళ్ళి ఇప్పుడే చూపించుకొనండి. ఒకటవ తరగతి బిడ్డకు కేంద్రం మైనారిటీ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. 2022-23 నుండి ఆ ప్రీమెట్రిక్ పథకం 9, 10 తరగతులకే పరిమితమైంది.

మన ఇండ్లలో చాలాచోట్ల ఉర్దూ మాట్లాడతారు. బడిలో మాతృభాష గడి నింపేటప్పుడు నిజంగా ఇంట్లో మాట్లాడే భాషనే వ్రాయించండి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. ఉర్దూ పిల్లలు ఎందరున్నారో రికార్డులో కనబడకపోతే ఉర్దూ ఉపాధ్యాయుని కోసం మనం ఏ ఆధారంతో అడుగుతాం? తెలుగు మాధ్యమంలో చేర్పిస్తే మాత్రం ఈ నెలరోజులు బిడ్డకు కొన్ని తెలుగు మాటలు నేర్పండి. దాహంగా ఉంది, కడుపు నొస్తోంది, ఒంటికి వెళ్ళాలి అని చెప్పగలిగితే చాలు. మొదటివారం పిల్లలు ఏడ్చేది చాలావరకు తమ మాట ఎవరికీ అర్థం కాకనే. రిజిస్టర్‌లో ఉన్న తన పూర్తి పేరును, తండ్రి పేరును, ఒక ఫోన్ నంబరును కూడా కంఠతా పట్టించండి. హాజరు పిలిచినప్పుడు అది తన పేరేనని బిడ్డకు తెలియాలి.

మరి రెండు హక్కులు చెప్పి ముగిస్తాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన ఉండరాదు. గుర్తింపు లేదా సహాయం పొందిన బడిలో మతబోధన ఉన్నా, సంరక్షకుల సమ్మతి లేకుండా బిడ్డను అందులో పాల్గొనమనరాదు. ఇవి రాజ్యాంగం 28వ అధికరణంలోని మాటలు. బిడ్డను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. పేరును బట్టి, మతాన్ని బట్టి హేళన చేస్తే అదీ వేధింపే. ముందు ఉపాధ్యాయులతో మర్యాదగా మాట్లాడండి. వినకపోతే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలుపై రసీదు తీసుకొనండి. మూడు నెలలలో స్థానిక అధికారి తేల్చాలి. ఆ తరువాత రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉన్నది.

ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. ఎన్నిక రోజున మన తల్లులు ఇంట్లో ఉండిపోవద్దని నా మనవి. కుళాయిలో నీళ్ళు లేవని, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదని చెప్పవలసినది ఆ సమావేశంలోనే.

ఆరు నుండి పద్నాలుగేండ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం అసలు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ వ్రాసింది. ఆ అంకెలో మన వాడల పిల్లలున్నారు. ఈ జూన్‌లో మీ వీధిలో బడి ఈడు వచ్చిన ప్రతి బిడ్డ ఇంటికీ ఒకసారి వెళ్ళి రండి. కాగితాలు లేవని ఆగినవారుంటే 14వ సెక్షన్ గురించి చెప్పండి, వెంట వెళ్ళి చేర్పించండి. నమోదు చేసేటప్పుడు పక్కన నిలబడి, ఆ వరుసను ఒకసారి చదివించండి.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక. సెలవు.