ఇంటి కారుకు గట్టి స్ప్రింగులు వేయించాలా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో డిపో గ్యారేజీ విశ్రాంత మెకానికల్ సూపర్‌వైజరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు మాట్లాడిన తరువాత కారు షాక్ అబ్జార్బర్ల గురించి చెప్పడానికి లేవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. కానీ కొంతకాలంగా మన సభ్యులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "కారు గుంతల్లో దబదబా కొడుతోంది, దిగేసరికి నడుము పట్టేస్తోంది. మెకానిక్కు గట్టి స్ప్రింగులు వేయించమంటున్నాడు. వేయించమంటారా?" అని. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒక్కసారి అందరికీ చెబితే మేలని కార్యదర్శిగారు ఈ సమయం ఇచ్చారు. ఉద్యోగమంతా బస్సుల కింద గడిపినవాణ్ణి గనుక భాష మోటుగా ఉంటే మన్నించండి.

మన చిన్నప్పటి ఎద్దుబండికి స్ప్రింగు లేదు. జట్కాకు కమాన్లుండేవి. ఆ రెండూ ఎక్కినవారికి తేడా తెలుసు. అంబాసిడరుకు 2014లో తయారీ ఆగేవరకూ వెనుక కమాన్ కట్టలే. 1983 చివర వచ్చిన మారుతి 800తో ముందు చక్రానికి మెక్‌ఫర్సన్ స్ట్రట్ మన మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. స్ట్రట్ అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే నిలువు కడ్డీ మీద కూర్చోబెట్టిన ఏర్పాటు. ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి ముందు అదే, వెనుక టోర్షన్ బీమ్.

ఇందులో షాక్ అబ్జార్బరు అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దెబ్బను మింగేది స్ప్రింగు. మింగిన తరువాత ఉయ్యాలలా ఊగుతూ ఉంటుంది. ఆ ఊగుడును ఆపేదే షాక్ అబ్జార్బరు. లోపల నూనె చిన్న రంధ్రాల గుండా దూరుతూ ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. నూనె కారిపోయిందా, కారు ఒక గుంతకు మూడుసార్లు ఊగుతుంది. అంతేకాదు, టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకు వేసి ప్రయోజనమేముంది? కాబట్టి ఇది ఒక్క నడుము సంగతే కాదు.

ఇప్పుడు గట్టి స్ప్రింగుల విషయం. సుఖంగా ఉండే కారు తన స్ప్రింగుల మీద నిమిషానికి సుమారు 60 నుంచి 90 సార్లు ఊగేలా ఉంటుంది. దాదాపు మన నడక లయ. కూర్చున్న మనిషికి ఎక్కువ బాధ కలిగించేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురు. వెన్నుపూస దానికి తగ్గట్టు తానూ అదురుతుంది. స్ప్రింగు గట్టిపడినకొద్దీ రోడ్డు అదురు సీటుదాకా ఎక్కువగా వస్తుంది. పైగా ఆ కారు స్ప్రింగు అయిదుగురు మనుషులకు, డిక్కీలో సామానుకు సరిపడా చేసినది. మన ఇళ్ళలో అందులో తిరిగేది ఎందరు? ఇద్దరు. ఒక్కోసారి ఒక్కరే. ఇప్పటికే మనకు ఎక్కువైన స్ప్రింగును ఇంకా గట్టిది చేయమని అడుగుతున్నామన్నమాట.

బజారులో స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు అమ్ముతున్నారు. కారు ఎత్తు పెరుగుతుంది, కింద తగలదు అంటారు. నిజమే, ఎత్తు కొంత పెరుగుతుంది. కానీ లెక్క చూడండి. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒక చుట్టును కదలకుండా చేస్తే మిగిలేవి అయిదు. స్ప్రింగు అయిదోవంతు, అంటే 20 శాతం గట్టిపడుతుంది. మిగిలిన అయిదు చుట్లూ ఆరింటి పని చేయాలి. స్ప్రింగులు విరిగేది అలాగే. నా మటుకు నేను వాటిని ఏ కారుకూ వేయించను.

పెద్ద చక్రాల మోజు మన మనవళ్ళది. 165/80 ఆర్ 14 టైరుకు రిమ్ము మీద 132 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉంటుంది. 195/55 ఆర్ 16 వేస్తే బయటి ఎత్తు దాదాపు అంతే ఉంటుంది గానీ, గోడ 107కు దిగుతుంది. గుంతకూ రిమ్ముకూ మధ్య మెత్తగా ఉన్నది అంగుళం తగ్గింది. చూడటానికి దర్జాగానే ఉంటుంది, కాదనను.

మా కాలనీలో ఒక బావగారున్నారు. పేరు చెప్పను, ఈ హాలులోనే ఉన్నారు. పదేళ్ళ కారు. అక్కయ్యగారికి నడుములో డిస్కు జారి, మంచం దిగి నాలుగు నెలలే అయింది. గుంటూరులో డాక్టరు దగ్గరకు ప్రతి పదిహేను రోజులకు ఒకసారి వెళ్ళాలి. విజయవాడ నుంచి ముప్పై చిల్లర కిలోమీటర్లే, కానీ "ఆ కారులో నేను రాను, నన్ను ఇక్కడే ఉండనివ్వండి" అనేదాకా వచ్చింది. మెకానిక్కు నాలుగు స్ప్రింగులూ మార్చి గట్టివి వేద్దామన్నాడట. బావగారు డబ్బు కూడా తీసి ఉంచారు. నన్ను ఒకసారి చూడమన్నారు.

మొదట గాలి చూశాను. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో 33 అని ఉంది. టైర్లలో 42 ఉంది. గాలి ఎక్కువుంటే మైలేజీ వస్తుందని ఎవరో పెట్టించారు. టైరు రాయిలా ఉంటే కింద ఎంత మంచి స్ప్రింగు ఉండి ఏం లాభం? తరువాత వెనుక కుడివైపు షాక్ అబ్జార్బరు ఒళ్ళంతా నూనె, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆ వైపు టైరును అరచేత్తో తడిమితే గుంటలు గుంటలుగా అరిగింది. ముందు స్ట్రట్ల పైన ఉండే మౌంటు రబ్బర్లు పిగిలిపోయాయి, దబదబ చప్పుడు అక్కడిదే. లింక్ రాడ్లు చేత్తో ఊపితేనే టకటకమన్నాయి. ఇక స్ప్రింగులు. చదునైన నేల మీద కారు నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా నాలుగువైపులా టేపు పెట్టి కొలిచాం. ఎడమకూ కుడికీ తేడా లేదు, కంపెనీ ఎత్తు నుంచి దిగలేదు. స్ప్రింగులకు ఏమీ కాలేదు!

గాలి సరిచేయడానికి ఖర్చు లేదు. మౌంటులు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించాం. షాక్ అబ్జార్బర్లు ముందు జత, వెనుక జత వేయించాం. ఒకవైపే మార్చకూడదు, బ్రేకు వేసినప్పుడు రెండువైపులా ఒకేలా పట్టాలి. అప్‌గ్రేడు అనదగ్గది ఒక్కటే చేశాం. నూనెతోపాటు తక్కువ ఒత్తిడిలో నైట్రోజను నింపిన షాక్ అబ్జార్బర్లు, అదే కారుకు, అదే కొలతలో తయారైనవి వేశాం. వరుస గుంతల్లో నూనె నురగ కట్టి పట్టు వదిలేయకుండా ఆ గ్యాసు ఆపుతుంది. పాలీయూరితేన్ బుష్‌లు వేద్దామన్నాడు కుర్రాడు. ఎక్కువ కాలం వస్తాయి, నిజం. కానీ రబ్బరు మింగే సన్నని అదురును అవి లోపలికి పంపుతాయి, కొన్ని కిచకిచమంటాయి కూడా. వద్దన్నాం. చివర వీల్ అలైన్‌మెంటు. స్ప్రింగుల కోసం తీసిన డబ్బులో సగానికి పైగా మిగిలింది.

అక్కయ్యగారు మరుసటి పక్షం గుంటూరు వెళ్ళి వచ్చారు. "హాయిగా ఉంది" అనలేదు, "ఓర్చుకోగలిగాను" అన్నారు. ఆ మిగిలినది కారులో లేదు, సీటులో ఉంది. పదేళ్ళు కూర్చున్న ఫోము అడుగంటింది. దాన్ని మార్చి కొత్త ఫోము వేయించాక ఇంకొంత తేలికపడ్డారు. సీటు కూడా సస్పెన్షనే అని ఎవరూ అనుకోరు.

బానెట్టు మీద చేతులు వేసి నొక్కి వదిలే పరీక్ష మీకందరికీ తెలుసు. వదిలాక రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు పోయినట్లే. కానీ ఊగకపోతే బాగున్నట్లు కాదు. సగం పాడైనది ఆ పరీక్షలో నెగ్గుతుంది. నూనె మరక, టైరు అరుగుదల, కొలటేపు, ఈ మూడూ చూడాలి. ఒక్క హెచ్చరిక. స్ట్రట్‌ను ఇంట్లో విప్పవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగు సరైన కంప్రెసరు లేకుండా వదిలితే మనిషి ప్రాణం తీస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పాతదాని స్థానంలో అదే రకం భాగం వేస్తే చిక్కులేదు. కారు ఎత్తు పెంచడం, దించడం చేస్తే ఇన్సూరెన్సు క్లెయిము రోజున ఇబ్బంది రావచ్చు.

స్పీడు బ్రేకర్ల గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రని హంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంలో దాటేందుకు. మన వీధుల్లో వేసేవి గట్లు! వాటి ముందు వేగం తగ్గించి, సరిగ్గా ఎక్కేముందు బ్రేకు వదిలేయండి. బ్రేకు నొక్కి ఉంటే ముందు స్ప్రింగు అప్పటికే కుంగి ఉంటుంది, దెబ్బకు చోటుండదు.

ఇంత చెప్పినా కొన్ని కార్లకు ఖర్చు పెట్టవద్దనే అంటాను. బందరు వైపు ఉప్పుగాలిలో నిలిచిన పాత బండి బానెట్టు ఎత్తి, స్ట్రట్ పైకొస బిగించిన రేకు చూడండి. అక్కడ తుప్పు పట్టి పొరలు లేస్తుంటే కొత్త షాక్ అబ్జార్బరు దేన్ని పట్టుకుంటుంది?

భోజనాల తరువాత నేను బయట వేపచెట్టు కింద ఉంటాను. టార్చిలైటు, కొలటేపు, గాలి గేజీ తెచ్చాను. కార్లలో వచ్చినవారు తాళాలు తీసుకుని రండి, ఒక్కొక్కటిగా చూద్దాం. బావగారూ, మీది మొదట.